చిలకలపూడి గాజూ మూడు రోజుల లెక్కా

కంప్యూటర్‌కి మూడు రోజులు పట్టే లెక్కని నలభై నిమిషాలకి దించినవాణ్ణి నేను. అదీ ఒక్క గాజు ముక్కతో. బందరులో ఈ సంగతి నేను చెప్పని టీ కొట్టు లేదు.

చిలకలపూడిలో ముప్పై ఏళ్ళు రోల్డ్‌గోల్డ్ గాజులకి పూత పెట్టినవాణ్ణి. ఎలక్ట్రానిక్స్‌తో నా పరిచయం టీవీ రిమోట్ దాకానే. ఈ ఘనత మా తమ్ముడి కూతురి వల్ల దక్కింది. ఆ పిల్ల సర్క్యూట్ బోర్డుల మీద రీసెర్చి చేస్తోంది. గుడివాడలో వాళ్ళింటికి రంగులు వేస్తున్నారని, కంప్యూటర్ని కారులో వేసుకుని మా ఇంటికొచ్చింది. సోమవారం పొద్దున్నే గైడుగారికి ఫలితం చూపించాలి. లేకపోతే థీసిస్ ఇంకో ఆర్నెల్లు వెనక్కి.

"ఏంటమ్మా అంత లెక్క?" అన్నాను.

"బోర్డు మీద రాగి గీతలుంటాయి పెదనాన్నా. ఒకదాంట్లో కరెంటు పరిగెడితే పక్కదాన్ని కెలుకుతుంది. ఎంత కెలుకుతుందో బోర్డు చేయకముందే తెలియాలి. అందుకని మొత్తాన్నీ చిన్న చిన్న గళ్ళుగా కోసి, గడికో లెక్క కట్టి, అన్నీ కలిపి తేలుస్తాం."

"ఎన్ని గళ్ళు?"

"పెద్దమ్మావాళ్ళ దివిసీమలో ఉన్న వరిమళ్ళన్నీ తెచ్చినా చాలవు."

గురువారం సాయంత్రం మొదలెట్టింది. ఆదివారం సాయంత్రానికి తేలాలి. కరెంటు పోతుందేమోనని ఇన్వర్టర్‌కి కలిపించింది. కరెంటు పోలేదు. ఆదివారం పొద్దున్న ఆ పిల్ల తలంటుకోవడానికి వెళ్ళినప్పుడు నేను ఆ గదిలోకి వెళ్ళాను. కుర్చీలో మనిషి లేదు, తెర నల్లగా ఉంది, పెట్టె మాత్రం బుయ్యిమంటోంది. పూత తొట్టి దగ్గర మాకో నియమం ఉండేది. మనిషి లేచాడంటే స్విచ్చి కట్టేయాలి, లేకపోతే సరుకు మాడి నల్లబడుతుంది. ముప్పై ఏళ్ళ చెయ్యి కదా, దానంతటదే వెళ్ళి కట్టేసింది.

టీ కొట్లలో ఈ భాగం చెప్పను.

"పెదనాన్నా, ఇది ఎవరు ఆపారు?"

నేను ఫ్యాను వంక చూశాను. మూడు రోజుల లెక్కా మొదటికొచ్చింది. మధ్యమధ్యలో సేవ్ చేస్తే ఇంకా నెమ్మదిస్తుందని అదీ పెట్టలేదట. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది.

"పెళ్ళయిన కాణ్ణుంచీ ఒక్క లైటు కట్టిన మనిషి కాదు. ఇవాళే గుర్తొచ్చిందా?"

నేను లోపలికెళ్ళి, విరిగిన పాత గాజు ఒకటి తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాను. "చూడమ్మా. లోపల ఇత్తడి. బంగారం పైపైన రేకంత. జనానికి కావాల్సింది పైనే." ఆ పిల్ల గాజుని అటూ ఇటూ తిప్పింది. ఉన్నట్టుండి నవ్వింది.

"పెద్ద ఫ్రీక్వెన్సీల్లో కరెంటూ ఇంతే పెదనాన్నా! రాగి లోపలికి పోదు, పైపొరలోనే పరిగెడుతుంది. నేను లోపలంతా కూడా గళ్ళు కోసుకుని కూర్చున్నాను."

రాగి లోపలి గళ్ళన్నీ తీసేసింది. వాటి బదులు పైపొరకి ఒకే సూత్రం పెట్టింది. ముందు చిన్న ముక్క మీద పాత పద్ధతీ కొత్త పద్ధతీ రెండూ నడిపింది. జవాబులు కలిశాయి. అప్పుడు బోర్డు మొత్తం ఎక్కించింది. ఆ పూట స్విచ్చిబోర్డు ముందు కుర్చీ వేసుకుని నేనే కాపలా. సోమవారం గైడుగారు సరేనన్నారు.

నలభై నిమిషాలన్నాను కదా, రెండు గంటల పైనే పట్టింది. ఆ కిటుకు కూడా నేను పూత నేర్చుకోకముందు నుంచే పుస్తకాల్లో ఉందట, ఆ పిల్లకీ తెలుసట. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో అది పనికిరాదని వాడలేదు. ఆ భాగం ఇంకా చెయ్యలేదని గైడుగారికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అయినా అదను చూసి గాజు అందించినవాణ్ణి నేనే కదా!

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను.

"కిటుకు చెబుదామనా గాజిచ్చారు?" అంది. "'లోపలేముందో ఎవడు కోసి చూస్తాడమ్మా, ఇదివరకు చేసిన పాత బోర్డు ఫలితానికే మెరుగుపెట్టి కొత్తదని చూపించెయ్' అన్నారు. 'అది మోసం పెదనాన్నా' అని, గాజు తిరిగి మీ చేతిలో పెట్టబోయి, దాని పైపూత చూసి ఆగింది ఆ పిల్ల. అది రాయండి."