తాండూరు దాకా మొరం బాట

గత నెలలో ఒక ఉదయం నేను పెరట్లో మల్లెపాదుకు నీళ్ళు పోస్తున్నాను. పాలు పోసే అవ్వ గేటు తెరవకుండానే బయటి నుంచి పిలిచింది.

"పెద్దసారూ, మన డ్రిల్లు సారు లేడంట. తాండూరు రోడ్డు మీద లారీ తాకిందంట."

"ఏ రోడ్డు మీద?" అని అడిగాను. ఆమె మళ్ళీ అదే చెప్పింది. నేనూ మళ్ళీ అదే అడిగాను. మరణవార్త వినగానే అడగవలసిన ప్రశ్న అది కాదని నాకు తెలుసు. కాని ఆయనను ఎరిగినవారెవరైనా ముందుగా అదే అడుగుతారు. తారురోడ్డు మీద సైకిలు తొక్కడం ఆయనకు బొత్తిగా గిట్టని పని.

వికారాబాదులోని ఒకే ఉన్నత పాఠశాలలో మేమిద్దరం పనిచేశాము. నేను తెలుగు బోధించేవాణ్ణి, ఆయన వ్యాయామోపాధ్యాయుడు. పిల్లలు డ్రిల్లు సారు అనేవారు, ఊరూ అలాగే అన్నది, నేనూ ఇక్కడ అలాగే అంటాను. పదవీ విరమణ తరువాత కూడా మెడలో ఈల వ్రేలాడుతూనే ఉండేది. ఆ తరువాత దానిని ఆయన ఊదగా మాత్రం నేను వినలేదు. కోట్‌పల్లి ప్రాజెక్టు కట్ట మీద సెలవురోజుల్లో వచ్చిపోయేవారు పగులగొట్టిన సీసా పెంకులను ఏరి, హ్యాండిలుకు కట్టిన సంచిలో వేసుకొనేవాడు. టైర్ల కోసమా అని ఒకసారి అడిగాను.

"టైరుకు పంచరు ఏస్తం సార్. గొర్రె కాలుకు ఏమేస్తం?" అన్నాడు. గొర్రెలు కాచే ఇంట పుట్టినవాడు మరి.

ఇప్పుడు ఫ్రాన్సు సంగతి చెప్పాలి. ఆ దేశం నుంచి సైకిళ్ళ మీద బయలుదేరిన భార్యాభర్తలు ఇద్దరు అనంతగిరి గుట్టలు దిగి వస్తుండగా చక్రం వంకరపోయి, మా బడి మైదానం దగ్గర ఆగిపోయారు. డ్రిల్లు సారు ఆ చక్రాన్ని సరిచేసి, వారిని ఇంటికి తీసుకుపోయి, జొన్నరొట్టె, పుంటికూర పెట్టించాడు. తమ ఊరికి తప్పక రావాలని వారు మాట తీసుకున్నారు. అటువంటి మాటలు అందరూ ఇస్తారు, ఆయన నిలబెట్టుకున్నాడు. పదవీ విరమణ కాగానే ప్రయాణమైనాడు. ఆయన ఇల్లాలు సకినాలు మూట కడుతూ, "ఊరి సుట్టు తిరిగింది సాలలేదంట సార్, ఇగ దేశాల మీద పడ్డడు" అని నాతో అన్నది.

తిరిగివచ్చిన తరువాత చాలా సాయంకాలాలు మా అరుగు మీదనే గడిపాడు. అక్కడ ఒక కాలువ ఉన్నదట. దాని వెంబడి సన్నని కంకర పరచిన బాట. ఇరువైపులా చెట్లు, ఆవల ద్రాక్షతోటలు, పొద్దుతిరుగుడు చేలు, మధ్యాహ్నమైతే కిటికీలు మూసుకొని నిద్రపోయే పల్లెలు. ఆ బాట మీదికి మోటారు బండి రాకూడదు.

"చెవులు ఖాళీ అయినయి సార్. టైరు కింద కంకర నలిగే సప్పుడు తప్ప ఇంకేం ఇనరాలే. పొద్దుగాల సంది పొద్దూకేదాక ఒక్క కారు రాలే. నాకు ఏడ్పొచ్చింది."

"ఏడవడం దేనికయ్యా?"

"ఇంత తొవ్వ మనిషికి ఇడిసిపెట్టిన్రు గదా అని."

మొదటి రోజున జరిగినదానిని మాత్రం నవ్వుతూ చెప్పేవాడు. ఆ దంపతులు ముందు వెళ్ళారు, ఈయన వెనుకబడ్డాడు. ఒకచోట బాట నడిమధ్యన ఒక కొయ్య మొద్దు పాతి ఉన్నది. ఈయన దానిని చూసి, దిగి, కాసేపు ఆలోచించి, వెనుకకు మళ్ళాడు. పెద్దరోడ్డు ఎక్కి, కార్ల మధ్య తల్లడిల్లుతూ చీకటిపడే వేళకు గమ్యం చేరాడు. ఏమైందని వారు కంగారుగా అడిగితే, "తొవ్వల కడీ పాతిన్రు. అన్నదమ్ముల భూమి తగాద ఉన్నదేమో, మనకెందుకని మర్లిన" అని చేతులతో, వచ్చీరాని ఇంగ్లీషుతో చెప్పాడట. వారికి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమైన తరువాత నవ్వు ఆగడానికి ఇంకా చాలాసేపు పట్టింది. ఆ మొద్దు కార్లను ఆపడానికి పాతినది.

"మనిషి పోతడు, సైకిల్ పోతది, కారు పోదు. గంతే సార్! ఒక్క మొద్దు!"

నేనూ నవ్వాను. కాని మా ప్రాంతంవాడెవడైనా వెనుకకే మళ్ళుతాడు. ఇక్కడ బాట మీద కడీ, అంటే హద్దురాయి, పాతారంటే దాని వెనుక ఒక కోర్టు ఉంటుంది.

అటువంటి బాట వికారాబాదు నుంచి తాండూరు దాకా మనకూ ఉన్నదని ఆయన వాదన. కొత్తగా వేయనక్కరలేదు, పాత బండ్లబాటలను కలుపుకుంటే చాలు. చిన్నతనంలో తండ్రి వెంట మందను తోలుకొని బంట్వారం వైపు చేలలో ఎరువు కోసం నిలపడానికి వెళ్ళిన దారులవి. కోట్‌పల్లి దాకా ఎర్రటి గులక మొరం, తరువాత నల్లరేగడి, తాండూరు సమీపిస్తుంటే పాదం కింద నాపరాతి పెచ్చులు. నా పాత సైకిలు మీద కోట్‌పల్లి కట్ట దాకా ఆయన వెంట వెళ్ళేవాణ్ణి.

"పెద్దసారూ, జర తల వంచుండ్రి, తుమ్మకంప."

"దీనిని బాట అంటారటయ్యా?"

"నడిస్తే బాట సార్, నడువకుంటే కంప."

కంపలు కొట్టాడు. వాగు దాటేచోట బండలు పరిచాడు. రైతులను బతిమాలి గట్ల మీద దారి అడిగాడు. బాట దాదాపుగా కలిసింది. బంట్వారం దాటిన తరువాత ఒకే ఒక్కచోట తెగింది. అక్కడ బండ్లబాటకు అడ్డంగా నలుగురు అన్నదమ్ముల చేను ఉన్నది. పంపకాల తగవు కోర్టుకు ఎక్కడంతో వారు రాతి కడీలు పాతి ముళ్ళతీగ లాగారు. నలుగురూ మా విద్యార్థులే. ఇద్దరం వెళ్ళి పెద్దవాణ్ణి అడిగాము. అతడు మాకు మంచం వాల్చి, చాయ పోయించి, తాను నిలబడే మాట్లాడాడు.

"మీరడిగితే నేను కాదంటనా సార్? కానీ నేను ఒక్క కడీ పీకిన్ననుకో, అన్న హద్దు ఒప్పుకున్నడని తమ్ముండ్లు రేపే కోర్టుల చెప్తరు. తమ్ముడు పీకితే నేను చెప్త. ఉన్న మాట."

"సైకిల్ వట్టేంత సందు చాలురా బిడ్డా," అన్నాడు డ్రిల్లు సారు.

"సందైనా హద్దే గద సార్."

అతడు అబద్ధం చెప్పలేదు, మర్యాద తప్పలేదు. మేము చాయ తాగి లేచాము. రెవెన్యూ కార్యాలయానికి వెళ్ళాము. ఊరి నక్షాలో బండ్లబాట గీసి ఉన్నదన్నారు. కేసు తేలేదాకా ముట్టుకోలేమన్నారు. విన్నపాలు నేను వ్రాశాను. జీవితంలో అంత చక్కని వాక్యాలు మరెన్నడూ వ్రాయలేదు. అవి ఒక్క కడీనీ కదిలించలేదు.

ఆ చేను దగ్గర ఆయన తారురోడ్డు ఎక్కక తప్పలేదు. కొద్ది దూరమే. కాని దాని మీద నాపరాళ్ళ లారీలు, సిమెంటు ట్యాంకర్లు ఒకదాని వెనుక ఒకటిగా పోతుంటాయి. అక్కడి నుంచే వెనుకకు తిరగమని ఎన్నోసార్లు చెప్పాను.

"తాండూరు అందే కాడికొచ్చి మర్లమంటరా సార్? ఫికర్ చెయ్యకుండ్రి, అంచుకే పోతున్న."

ఆ కొద్ది దూరంలోనే, అంచుకే పోతున్నాడట. లారీ నడిపినవాడు పారిపోలేదు. తెల్లవారుజామున దుమ్ములో కనిపించలేదని చెప్తూ, అంబులెన్సు వచ్చేదాకా ఆయన తలను తన ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడట. ఎవరి మీదనైనా కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. ఎవరూ దొరకలేదు.

పదకొండో దినం ముగిసిన మరునాడు ఆ నలుగురు అన్నదమ్ములలో పెద్దవాడు మా ఇంటికి వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. "సార్, జర చేను కాడికి రారి" అని మాత్రం అన్నాడు. బండి మీద కూర్చోబెట్టుకొని తీసుకుపోయాడు. మిగిలిన ముగ్గురు తమ్ముళ్ళూ కంచె దగ్గర విడివిడిగా నిలబడి ఉన్నారు. ఏళ్ళ తరబడి పలుకరించుకోని ఆ నలుగురూ ఆ రోజు ఒకచోటికి రావడమే నాకు ఆశ్చర్యం కలిగించింది.

"కడీ తియ్యాలని అందరం అనుకున్నం సార్," అన్నాడు చిన్నవాడు.

"తియ్యండి మరి."

ఎవరూ కదలలేదు. ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

"మా నలుగుర్ల ఎవరు చెయ్యి వెట్టినా తకరారే," అన్నాడు పెద్దవాడు. "కూలీని వెడితే ఎవరి కూలీ అని అడుగుతరు. మీరైతే సారు. మా నలుగురికీ సారే. మీరు తియ్యుండ్రి."

నా వయసును గురించి చెప్పబోయి మానుకున్నాను. చెప్పులు విడిచి వెళ్ళి కడీని రెండు చేతులతో పట్టుకున్నాను. ఎండకు కాగి వేడిగా ఉన్నది. ఊపాను. భుజం ఆనించి నెట్టాను. నేలలో లోతుగా పాతిన ఆ రాయి నా ఊపిరిని కూడా గుర్తించలేదు. నా చుట్టూ బలమైన చేతులు ఎనిమిది. అన్నీ కట్టుకొని ఉన్నాయి. "అటు దిక్కు నూకుండ్రి సార్," అని ఒకడు అంటున్నాడు. "నిమ్మళంగ, నిమ్మళంగ," అని మరొకడు. నలుగురి గొంతులలోనూ ఏడుపు ఉన్నది. ఎవరూ దగ్గరికి రాలేదు.

నేను అలసి కడీకి ఆనుకొని కూర్చుండిపోయాను. బంట్వారం వైపు నుంచి ఒక మంద వచ్చింది. గొర్రెలు మమ్మల్ని లెక్కచేయలేదు. ఒకదాని వెనుక ఒకటి తల వంచి, కింది తీగ అడుగు నుంచి దూరి, పాత బండ్లబాట మీదికి ఎక్కి తాండూరు వైపు సాగిపోయాయి. అవి వెళ్ళిన తరువాత చూస్తే తీగ ముళ్ళకు చిన్న చిన్న ఉన్ని పోగులు చిక్కుకొని, గాలి వీచిన వైపుకల్లా వణుకుతూ ఉన్నాయి.