సీడీ అట్ట మీది బిళ్ళ

దయ్యాల మాట ఎత్తితే నవ్వి పారేసేవాణ్ణి. గోదావరిఖనిలో డీటీపీ షాపు నాది. పోయినవాళ్ళ ఫొటోలకు కోటు తొడిగి, దండ వేసి ఇవ్వడం రోజూ చేసే పనే. బొమ్మ ఎలా పుడుతుందో తెలిసినవాడికి భయమేమిటి అనుకునేవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మా అక్క భర్త శంకర్ బావ బొగ్గుబాయి పాటలు రికార్డు చేయించి, సీడీకి అట్ట చెయ్యమన్నాడు. ఏదైనా ఆలోచన తడుతుందేమో చూడమని సంచి నిండా పాత క్యాసెట్లు తెచ్చి బల్ల మీద పోశాడు. అన్నిటి మీదా అవే పిడికిళ్ళు, అదే ఎర్ర సూర్యుడు. ఒక్కదాని మీద మాత్రం లాంప్ రూమ్ బోర్డు, వరసగా ఖాళీ మేకులు, ఒక మేకుకు ఇత్తడి బిళ్ళ. నాకది తెగ నచ్చేసింది. ఆ పద్ధతిలోనే ఒకటి గీశాను. బిళ్ళ మీద నంబరు వెయ్యలేదు.

ఆదివారం మా బాపు షాపుకొచ్చి దాన్ని తెర మీద చూశాడు. ఆయన బాయి కార్మికుడు. దిగేటప్పుడు లాంప్ రూమ్‌లో తమ నంబరున్న బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటారు, ఆ బిళ్ళను బోర్డు మేకుకు తగిలిస్తారు, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు. షిఫ్టు అయిపోయినా బిళ్ళ మేకుకే ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు.

“అది తీసెయ్ బిడ్డా. గట్ల ఒక్కటే ఏలాడద్దు,” అన్నాడు.

చాదస్తం అనుకుంటూనే తీసేశాను. ఖాళీ మేకులే ఉన్న ఫైలును పెద్దపల్లి ప్రెస్సుకు పంపాను.

నాలుగో రోజు సాయంత్రం కట్టలు వచ్చాయి. విప్పితే ప్రతి అట్ట మీదా బిళ్ళ ఉంది. దాని మీద 638 అని నంబరు. ఫోన్ చేస్తే, ఇచ్చిందే కొట్టామన్నారు ప్రెస్సువాళ్ళు. నా కంప్యూటర్లో ఫైలు తెరిచాను. ఖాళీ మేకులే.

అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. పొద్దున్నే మొదటి షిఫ్టుకు పోయిన బాపు ఐదు దాటినా ఇల్లు చేరలేదట.

బండి మీద ఎలా పోయానో తెలియదు. లోపల పైకప్పు కూలి దారి మూసుకుపోయిందని, బాపు ఒక్కడే అవతల చిక్కుకున్నాడని బాయి దగ్గర చెప్పారు. లాంప్ రూమ్‌లో మొదటి షిఫ్టు బోర్డు మీద ఒక్కటే బిళ్ళ ఉంది. 638.

నా అట్ట మీద పడ్డ నంబరే. ఇన్నేళ్ళూ ఆ బిళ్ళ బాపు చొక్కా జేబులోనే ఉండేది. ఒక్కసారైనా నంబరు చదివిన పాపాన పోలేదు. ఎప్పుడో కంట పడి ఉంటుందని సర్దిచెప్పుకోవచ్చు. మరి ఫైలులో లేనిది అట్ట మీదికి ఎలా వచ్చింది?

ఏడు గంటలకు బాపును పైకి తెచ్చారు. మోచేయి గీరుకుపోయింది, అంతే. దీపం ఇచ్చి, బిళ్ళ తీసుకుని జేబులో వేసుకున్నాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను.

ఆ అట్టలు పక్కన పడేసి బావకు వేరేవి కొట్టించాను. ఒకటి బాపు కంట పడనే పడింది. తిడతాడనుకున్నాను. చాలాసేపు చూసి, మెల్లగా నవ్వాడు.

“నా నంబర్ నీకు యాదికున్నదా బిడ్డా?”

ఉందన్నాను. ఆ అట్టను ఆయన బీరువాలో దాచుకున్నాడు. ఆ బిళ్ళను ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను వెయ్యలేదని మాత్రం బాపుకు చెప్పలేదు.