కుర్చీలు జరిపే టీచరమ్మ

కుర్చీ కనబడితే జరపకుండా ఉండలేకపోవడం ఒక జబ్బయితే, మా బడి వడ్రంగం టీచరమ్మది బాగా ముదిరిపోయిన కేసు. ఏ గదిలో అడుగుపెట్టినా ఆవిడ ముందు మనుషుల్ని చూడదు, కుర్చీల్ని చూస్తుంది. తర్వాత కిటికీని చూస్తుంది. ఆ తర్వాత బల్బు ఎక్కడుందో చూసి, పనికోటు చేతులు పైకి మడుస్తుంది. ఇక అక్కడ కూచున్నవాళ్లు లేచి నిలబడటం మంచిది.

మాది వినబడని పిల్లల బడి. టీచరమ్మకి పుట్టుకతోనే వినబడదు. పొద్దున్న మొదటి పీరియడులో సైగల భాష, తర్వాత వడ్రంగం నేర్పుతుంది. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉంటుంది. "నాకు చెవులిచ్చిందే పెన్సిలు పెట్టుకోవడానికి" అంటుంది. అనడమంటే చేతులతోనే. ఆవిడ సైగల్ని నేను మామూలు మాటల్లో రాస్తున్నాను కాబట్టి ఇందులో మీకు దక్కేది సగం రుచే.

నేను అదే బడిలో మాటల మాస్టారిని. ఆపరేషను చేయించుకుని కాక్లియర్ ఇంప్లాంటు, అంటే లోపలి చెవికి శబ్దం అందించే మిషను, పెట్టించుకున్న పిల్లలకి వినడం, పలకడం నేర్పుతాను. మిషను తలకి తగిలించిన మర్నాటి నుంచి పిల్లలు గడగడా మాట్లాడేస్తారని తల్లిదండ్రులు అనుకుంటారు. శబ్దం పడటం వేరు, అది మాట అని తెలియడం వేరు. ఆ రెంటికీ మధ్య ఏళ్ల తరబడి నేనుంటాను. "చేతులు కదిలితే నోరు కదలదు" అని నా తరగతి గోడ మీద పెద్దక్షరాలతో రాయించాను కూడా. అయినా ఇరవై ఏళ్లు ఆ బడిలో తిరిగాక సైగలు నాకూ అంటుకున్నాయి. పిల్లలు నాకు పెట్టిన సైగ పేరు, కుడి చెవి వెనక అరచెయ్యి ఆనించడం. వినడం నేర్పే గురువుని కదా, గౌరవంగా పెట్టుకున్నారని మురిసిపోయేవాణ్ణి.

ఓసారి టీచరమ్మకి పన్ను నొప్పి వస్తే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాను. అక్కడ కుర్చీలన్నీ బస్సులో సీట్లలాగా వరసలు కట్టి ఉన్నాయి. ఈవిడ ఒక చేత్తో దవడ పట్టుకుని రెండో చేత్తో జరపడం మొదలెట్టింది. కౌంటరు దగ్గరి అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"ఏంటండీ ఈవిడ? కుర్చీలు అట్లా తిప్పేస్తున్నారేంటి?"

నేను సైగలతో అడిగి, జవాబు వినిపించాను. "ఒకదాని వీపు ఒకటి చూసుకుంటూ కూచుంటే వాటికి దిగులుగా ఉంటుందట."

"కుర్చీలకా?"

"కుర్చీలకేనట."

పది నిమిషాల్లో గది గుండ్రంగా తయారైంది. అప్పటిదాకా మొహాలు వేలాడేసుకున్న రోగులు ఒకరి దవడ ఒకరు చూసుకుని కబుర్లలో పడ్డారు. డాక్టరు బయటికొచ్చి పేరు పిలిస్తే బుగ్గ వాచిన పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, "ఉండండి డాక్టరుగారూ, ఈయన చెప్పేది అయిపోనివ్వండి" అన్నాడు.

మా హెడ్‌మిస్ట్రెస్‌గారి బల్ల మీద నిలువెత్తు ప్లాస్టిక్ పూల కుండీ ఒకటుండేది. ఆవిడ మాట్లాడుతుంటే పూలు మాట్లాడుతున్నట్టుండేది. టీచరమ్మ వెళ్లిన ప్రతిసారీ కుండీని పక్కకి పెట్టేది, ఈవిడ బయటికి రాగానే ఆవిడ మళ్లీ మధ్యలో పెట్టుకునేది. ఆరు నెలల యుద్ధం తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌గారు కుండీని బల్లకి జిగురుపెట్టి అంటించేశారు. మర్నాడు టీచరమ్మ బల్లనే జరిపేసింది. జరిపి జరిపి గుమ్మం పక్కన ఆపింది. ఆ పూట వచ్చినవాళ్లంతా హెడ్‌మిస్ట్రెస్‌గారినే, "ఏమ్మా, హెడ్‌మిస్ట్రెస్‌గారు ఉన్నారా?" అని అడిగి వెళ్లారు.

వినబడనివాళ్లకి ఎదుటివాళ్ల మొహాలూ చేతులూ కనబడాలి, దానికి వెలుగు కావాలి. ఆ మాత్రం నాకూ తెలుసు. ఆవిడ కూచునే చోట ఆవిడ ఏం చేసుకున్నా అర్థముంది. మరి నా కుర్చీతో ఏం పని?

స్టాఫురూములో నా కుర్చీ మూలన, బీరువా పక్కన ఉండేది. చీకటిగా, హాయిగా, కునుకు తీయడానికి వీలుగా ఉండేది. ఒకరోజు వెళ్లేసరికి అది ఎడంవైపు గోడకి ఆనుకుని ఉంది. ఎదురుగా అందరి మొహాలూ, ఆ మొహాల మీద కిటికీ వెలుగూ. నేను మూలకి లాక్కున్నాను. మర్నాడు మళ్లీ గోడ దగ్గరే. వారం రోజులు చూసి, కుర్చీని తాడుతో బీరువాకి కట్టేశాను. టీచరమ్మ తాడు ముట్టుకోలేదు. మిగతా స్టాఫురూమునంతా నా చుట్టూ తిప్పేసింది. బీరువాతో సహా.

"మీకిదేం సరదా?" అని చేతులతోనే విసుక్కున్నాను.

"కుర్చీ అక్కడే బాగుంటుంది మాస్టారూ."

"కుర్చీకి బాగుంటే సరిపోతుందా?"

"సరిపోతుంది" అని పెన్సిలు సర్దుకుని వెళ్లిపోయింది.

టీకి మా ఇంటికొచ్చిన రోజున మా సోఫాకీ అదే గతి పట్టింది. టీవీ వైపున్న దాన్ని తిప్పి, మా ఆవిడ కూచునే కుర్చీకి ఎదురుగా, దీపం కిందికి తెచ్చింది. నేను మళ్లీ టీవీ వైపు తిప్పబోతే మా ఆవిడ ఒప్పుకోలేదు.

"ఉండనివ్వండి. పెళ్లయిన ఇన్నేళ్లకి నా మాట మీ చెవికెక్కుతోంది."

సోఫా మహిమ అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఈ ఐదారేళ్లలో లోకమే బాగా మారిపోయింది. నా తరగతిలో ఫాను మూలగడం మానేసింది. వరండాలో పిట్టలు అరవడం తగ్గించాయి. మనుషులు మాత్రం పాడైపోయారు. ఎవర్ని చూసినా నసుగుడే, ఒక్కరూ నోరు తెరిచి మాట్లాడరు. ఉచ్చారణ నేర్పేవాణ్ణి కాబట్టి నాకు ఈ పతనం మరీ కొట్టొచ్చినట్టు కనిపించేది.

ఇలా ఉండగా పై ఆఫీసు నుంచి సర్క్యులరు వచ్చింది. ఇంప్లాంట్లు వచ్చినందున సైగలు పాతబడినవనీ, తరగతి గదుల్లో వాటిని నిలిపివేయడం గురించి తనిఖీ జరుగుననీ. ఈ సంగతి కనిపెట్టిన కమిటీలో తొమ్మిదిమంది ఉన్నారు, తొమ్మిదిమందికీ బ్రహ్మాండంగా వినబడుతుంది. మా బడిలో సగంమందికి ఇంప్లాంటే లేదు, వాళ్ల సంగతేమిటని అడిగితే, వాళ్లు తర్వాతి సర్క్యులరులో వస్తారన్నారు. తనిఖీకి ఎంచుకున్నది నా తరగతిని. నేను బాగా చేసి చూపిస్తే సైగలు బంద్. టీచరమ్మ మొదటి పీరియడూ బంద్. దానికి కావలసిన రిపోర్టు కూడా నేనే రాసిచ్చాను, నాలుగు పేజీలు.

టీచరమ్మతో ఈ మాట చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆవిడే ఎదురొచ్చింది.

"మీ రిపోర్టు చదివాను. అక్షరదోషాలు లేవు" అంది. అని, నా కుర్చీని వెలుగులోకి ఇంకో బెత్తెడు జరిపింది.

మా తరగతి లీడరుకి పదేళ్లు. మూడో ఏట ఇంప్లాంటు పెట్టారు, చక్కగా మాట్లాడుతుంది. నా గొప్పంతా ఆ పిల్లే. అది నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"సార్, సైగలు ఆపేస్తే నేను మా ఫ్రెండుతో ఎట్లా మాట్లాడాలి? దానికి మిషను లేదుగా. మరి నా బ్యాటరీ అయిపోతే?"

"అప్పుడు చూద్దాంలే అమ్మా" అన్నాను. పెద్దవాళ్ల దగ్గర జవాబు లేనప్పుడు ఉండే మాట అది.

తనిఖీ ముందు రోజు హెడ్‌మిస్ట్రెస్‌గారు దగ్గరుండి నా తరగతిలో కుర్చీలన్నీ తిన్నగా వరసల్లో పెట్టించారు. తెల్లారి వచ్చి చూస్తే అవి గుర్రపు నాడాలాగా ఉన్నాయి. సరిచేసేలోపు ఇన్‌స్పెక్టరుగారి కారు గేట్లోకి వచ్చేసింది. ఆయన మంచివాడే. కానీ ఆయన మీసం రెండు పెదవుల్నీ కప్పేసి గడ్డం దాకా దిగి ఉంది. టీచరమ్మ గుమ్మంలో నుంచే నాకు సైగ చేసింది: "ఈ పొదలో నోరెక్కడ మాస్టారూ?" చేసి, ఆయన్ని మర్యాదగా తీసుకెళ్లి కిటికీ పక్కన, లీడరు పిల్లకి ఆనుకుని ఉన్న చివరి కుర్చీలో కూచోబెట్టింది.

పిల్లలు పెదవులు చూసి పోల్చుకోకుండా నేను నోటికి కాగితం అడ్డం పెట్టుకుని మాటలు చదివాను. పిల్లలు విని బొమ్మలు ఎత్తి చూపించారు. ఒక్కటీ తప్పలేదు. హెడ్‌మిస్ట్రెస్‌గారి మొహం వెలిగిపోయింది. అప్పుడు దూరాన కూచున్న ఇన్‌స్పెక్టరుగారి మీసం కదిలింది.

నాకు మీసం తప్ప ఏమీ అందలేదు. "చిత్తం" అన్నాను. మీసం మళ్లీ కదిలింది. "చిత్తం చిత్తం" అన్నాను. హెడ్‌మిస్ట్రెస్‌గారు నా వైపు కళ్లు ఉరిమి చూశారు. ఈయన కూడా నసిగే రకమే అనుకుందామని చూశాను గానీ, గదిలో ఉన్న అందరూ ఆయన మాట విన్నట్టే ఉన్నారు. ఇంప్లాంటు పెట్టుకున్న పిల్లలు కూడా. మాటల మాస్టారికి మాట వినబడటం లేదన్న సంగతి అప్పటికి నా బుర్రకెక్కింది.

అప్పుడు కనబడ్డాయి, లీడరు పిల్ల చేతులు. ఒళ్లో పెట్టుకుని, సరిగ్గా కిటికీ వెలుగు పడేచోట మెల్లిగా కదుపుతోంది. "మీ తరగతిలో సైగలు ఇక కావాలా, అక్కర్లేదా అని అడుగుతున్నారు సార్. మూడోసారి చిత్తం అనకండి."

నేను గొంతు సవరించుకున్నాను. "కావాలండీ" అన్నాను.

మీసం కదిలింది. పిల్ల చేతులు కదిలాయి: "ఎవరికి?"

"నాకండీ."

హెడ్‌మిస్ట్రెస్‌గారు కుర్చీలో సగం లేచి అలాగే ఉండిపోయారు. దాచుకుని లాభం లేదనిపించింది. చెప్పేశాను. "మీరడిగినదేదీ నాకు వినబడలేదండీ. ఈ అమ్మాయికి మిషనుతో వినబడింది, చేతులతో నాకు చెప్పింది. ఈ తరగతిలో అందరికన్నా తక్కువ వినబడేది మాస్టారికే."

ఇన్‌స్పెక్టరుగారు లేచి నా దగ్గరికి వచ్చి, మీసం రెండు వేళ్లతో పైకెత్తి, స్పష్టంగా అడిగారు. "మరి గోడ మీద అది ఎవరు రాయించారు?"

"నేనేనండీ. అప్పట్లో వినబడేది."

నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. పిల్లల కోసం ఇన్నాళ్లు అడిగినా అందని దయ, ఒక ఉద్యోగి ఇబ్బంది అనేసరికి పరుగున వచ్చింది. "ఉపాధ్యాయుని సౌకర్యార్థం పాఠశాలలో సైగల భాష యథాతథంగా కొనసాగించవలెను." లీడరు పిల్ల, మిషను లేని దాని ఫ్రెండు ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టి, ఇద్దరూ చేతులతోనే నాకు నమస్కారం పెట్టారు. ఆ రోజు నాకు సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి. గోడ మీది రాతకి సున్నం నేనే కొట్టాను.

సాయంత్రం వడ్రంగం గదికి వెళ్లాను. టీచరమ్మ చిత్రిక పడుతోంది.

"మీకెప్పటి నుంచి తెలుసు?"

"ఆరేళ్లు. మీ వెనకాల నా చేతిలోంచి చెక్క పడింది. స్టాఫురూములో అందరూ ఎగిరిపడ్డారు. మనిద్దరం తప్ప."

"అంత తెలిసినప్పుడు ఒక్కసారి చెప్పకూడదా?"

ఆవిడ చిత్రిక పక్కన పెట్టింది. "రోజూ చెప్పాను కదా మాస్టారూ. కుర్చీ జరిపి."

నా ఎడం చెవి మరీ పాడైందని కనిపెట్టి ఆ వైపు గోడ పెట్టింది, మా సోఫాకి దీపం పెట్టింది, ఆ పిల్ల చేతుల మీద కిటికీ వెలుగు పెట్టింది. మళ్లీ అడిగాను. "పిల్లలకి కూడా తెలుసా?"

టీచరమ్మ నవ్వుతూ కుడి చెవి వెనక అరచెయ్యి ఆనించి చూపించింది. "మీ పేరే అది కదా!"

ఇప్పుడు నాకూ చెవి మిషను ఉంది. ఫాను మళ్లీ మూలుగుతోంది, పిట్టలు దారికొచ్చాయి. మొన్న హెడ్‌మిస్ట్రెస్‌గారి గదికి పిలుపు వస్తే వెళ్లాను. బల్ల మధ్యలో కొత్త పూల కుండీ. ఆవిడ మొహం కనబడలేదు. నాకు తెలియకుండానే నా చేతులు లేచి దాన్ని పక్కకి పెట్టేశాయి. నా కుర్చీ కూడా కాస్త కిటికీ వైపు జరుపుకున్నాను.

"ఈయనకీ అంటుకుందిరా దేవుడా!" అని హెడ్‌మిస్ట్రెస్‌గారు నోట్లోనే గొణుక్కున్నారు. ఆ ముక్క నాకు స్పష్టంగా వినబడింది.