మన్సూరా దూడల పాలు మరిగించిన ఉత్తర్వు

మన్సూరా, వయస్సు నలభై ఏడు, మెదక్ పట్టణ వాస్తవ్యురాలు. విశ్రాంత ఉపాధ్యాయుడనైన నేను ఈమెను ఇరవై రెండేళ్లుగా ఎరుగుదును. పుట్టిన వారానికే దూడలను పాడి రైతులు ఈమె షెడ్డుకు చేర్చెదరు. నాలుగు నెలలు పెంచి తిరిగి అప్పగించుట ఈమె వృత్తి.

తల్లి పాలు అమ్మకానికి పోవును గనుక దూడలకు పొడి పాలే గతి. చవక పొడిలో సోయా పిండి ఎక్కువ. ఎదుగుదలకు అవసరమైన లైసిన్, మిథియోనిన్ అను అమైనో ఆమ్లములు తక్కువ. అందుచేత పశువైద్యుని సలహాపై ఈమె ఆ రెండింటినీ డబ్బాలలో విడిగా తెప్పించి, గోరువెచ్చని పాలలో కొలిచి కలుపుచుండెను. ఎదుగుదల తెలియుటకు ప్రతి సోమవారం దూడ ఛాతీకి టేపు చుట్టి, కొలతను గోడపై బొగ్గుతో వ్రాయుట ఈమె అలవాటు.

జనవరిలో పాడి సంఘం కార్యదర్శి రఘుపతి షెడ్డుకు వచ్చి బకెట్టులో వేలు ముంచాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

"ఏందమ్మా, కాగని పాలు పోస్తున్నవా? మా ఇంట్ల పిల్లికి గూడ కాగినవే పోస్తం."

"పొడి పాలు సాబ్. కాగబెట్టొద్దని డాక్టర్ సాబ్ చెప్పిండు. జర వెచ్చగుంటే చాలు."

"డాక్టర్ నీకు చుట్టమా? పొంగు రావాలె. లేకుంటే దూడలను తోల్కపోత."

"చాయ్ పెట్టాల్నా సాబ్? ఇలాచీ గూడ ఎయ్యమంటరా?"

దూడలను చూడ వచ్చిన రైతులు నవ్వారు. ఆ నవ్వును రఘుపతి మరువలేదు. మరునాడే సంఘం ముద్రతో కాగితం వచ్చింది: "దూడల పాలను, అందు కలుపు పొడులతో సహా, పొంగు వచ్చువరకు మరిగించవలెను."

దూడలు సంఘ సభ్యులవి. ఎదిరించే హక్కు తనకు లేదని తలచి మన్సూరా అట్లే చేసింది. పాలు గోధుమరంగుకు తిరిగి, అడుగంటిన వాసన వేశాయి. అంత వేడికి లైసిన్ పాల చక్కెరతో బిగుసుకొని దూడకు అందదని వైద్యుడు తరువాత చెప్పాడు. మూడు సోమవారాలు టేపు కదలలేదు. నాలుగు దూడలకు విరేచనాలు పట్టుకున్నాయి. వాటిలో రేగోడ్ గ్రామ రైతు దూడ చనిపోయింది.

సంఘం సమావేశంలో రఘుపతి లేచి, "గా డబ్బాల మందుతోనే సచ్చింది," అన్నాడు.

"మీరు రాసిచ్చినట్లే చేసిన సాబ్."

"నేను రాస్తే నీ తెలివి ఏడ పోయింది?"

 పదిహేనుమంది సభ్యులలో పొంగు ఉత్తర్వును ప్రస్తావించిన నోరు ఒక్కటి లేదు. ఉత్తర్వు వ్రాసిన చేయే నోటీసూ వ్రాసింది: మిగిలిన పది దూడలను శనివారం తరలించవలెను, ఇకపై ఈమెకు దూడలు ఇవ్వరాదు. ఇది విచారణ కాదు, తప్పు చేసినవాడు ఇచ్చిన తీర్పు.

నోటీసు పట్టుకొని ఆమె నా వద్దకు వచ్చింది. "పెద్దసారూ, నా పేరు ఎట్లన్న పోనీండ్రి. గవి ఇప్పుడు లారీ ఎక్కితే బతకయి. నిలబడనీకే కాళ్లల్ల బలం లేదు."

కావున జిల్లా పశుసంవర్ధక అధికారి గారు శనివారం తరలింపును నిలిపివేసి, పది దూడలను మూడు వారాలు ఈమె షెడ్డులోనే ఉంచి, వైద్యుడు చెప్పిన వేడిలోనే పాలు పట్టించి, ప్రతి కొలతను రఘుపతి ఎదుటనే తీయించవలెనని, ఆతని ఉత్తర్వు ప్రతిని చేర్చి విచారణ జరిపించవలెనని ఈమె పక్షాన కోరుచున్నాను.