ఆడవాళ్ల అంతస్తు

జెడ్డా పాతబస్తీలో పగడపు రాళ్లతో కట్టిన ఒక వ్యాపారి ఇంట్లో శుక్రవారాలు గైడుగా ఉండేదాన్ని. జీతం లేదు. సెలవు రోజంతా మా ఆయన నిద్రపోతాడు, నాకు ఇంట్లో ఊపిరాడదు. అందుకే వెళ్లేదాన్ని. వచ్చిన వాళ్లకు చెక్క జాలీ కిటికీలు చూపించి, పైకెళ్లే మెట్ల దగ్గర ఆపేదాన్ని. పైది ఆడవాళ్ల అంతస్తు. పూర్వం మగవాడు ఎక్కాలంటే కింద నిలబడి "యా సాతిర్" అని కేక వేయాలి, పైనుంచి రమ్మన్నాకే అడుగు వేయాలి. ఇంటికి కాపలా ఉండే పెద్దాయన అక్కడే పుట్టి పెరిగాడు. ఇప్పటికీ ఆ పద్ధతి తప్పడు.

ఆ రోజు ఒకాయన చిన్న కూతుర్నీ, ఆ పాపను చూసుకునే పనిమనిషినీ వెంటబెట్టుకొని వచ్చాడు. పాప జాలీలో వేళ్లు దూర్చి లాగింది. చెక్కముక్క పుటుక్కున విరిగింది. పాతదిలే, ఫర్వాలేదని నేను అంటూనే ఉన్నాను, ఆయన తలగుడ్డ మీద బిగించుకున్న నల్లతాడు తీశాడు. పనిమనిషి పాపను తన వెనక్కి లాక్కుంది. ఇక దానితో ఆమెను కొట్టడం మొదలుపెట్టాడు. ముఖం మీద, మెడ మీద, అడ్డుపెట్టిన చేతుల మీద.

"అమ్మా, సచ్చిపోతాండా" అంది ఆమె.

తెలుగు మాట చెవిన పడేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని పై మెట్లెక్కించాను. అక్కడికి రాడనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! తలుపును ఒక్క తన్ను తన్నాడు, అది గోడకు కొట్టుకుంది. ఆమె జడ చేతికి చుట్టుకుని గుంజాడు. తల గడపకు తగిలి రక్తం కారింది. సందర్శకులకు చూపడానికి పెట్టిన ఇత్తడి రోకలి నా చేతికి అందింది. కాఫీ గింజలు దంచేది. దానితో అతని మణికట్టు మీద కొట్టాను. ఎముక చప్పుడైంది. అబద్ధం ఎందుకు, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకోటి కూడా వేశాను. అతను రెండో చేత్తో నా మూతి మీద గుద్దాడు. ముందుపన్ను కదిలింది.

అప్పుడు కింద నుంచి "యా సాతిర్" అని పెద్దాయన కేక. అంత గొడవలోనూ మెట్ల దగ్గర నిలబడి, నేను రమ్మనేదాకా ఆగాడు.

"రండి మహానుభావా" అని నోటినిండా రక్తంతో తెలుగులోనే అరిచాను.

వచ్చాడు. చేతికర్రతో అతన్ని వీపు మీద, భుజాల మీద బాదుతూ మెట్లు దింపాడు. చెప్పకుండా ఆడవాళ్ల అంతస్తులోకి వస్తావా అని ప్రతి దెబ్బకూ తిట్టాడు. ఆమెను కొట్టాడన్న మాటే ఎత్తలేదు.

పోలీసులు వచ్చారు. ఆస్పత్రి ఉద్యోగంలో నేర్చుకున్న అరబ్బీ నాకుంది కాబట్టి, ఆమెను అడిగి చెప్పమన్నాడు అధికారి. ఆమెది రాయచోటి వైపు. నా చున్నీ తలకు ఒత్తుకుని మెట్టు మీద కూర్చుంది.

"నన్ను కొట్టినాడంటే యింటారా అక్కా? ఆ పెద్దాయన చెప్పిందే చెప్పు. ఆడోళ్ల గదిలేకి చెప్పకుండా వచ్చినాడని. అదైతే యింటారు."

రెండూ చెప్పాను. కొట్టిన సంగతే ముందు చెప్పాను. అధికారి రెండోది మాత్రం మళ్లీ అడిగి రాసుకున్నాడు. చివరికి ఆమె ఆ ఇంటికి తిరిగి వెళ్లక్కర్లేదనీ, ఆడవాళ్ల వసతిగృహానికి పంపిస్తామనీ అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆమె మాత్రం లేవలేదు. వీధిలో ఏడుస్తున్న పాపనే చూస్తోంది.

"నేను పోతే దెబ్బలన్నీ ఆ బిడ్డకే అక్కా. ఇన్నాళ్లూ నేను అడ్డముంటి. ఇదీ చెప్పు."

చెప్పాను. తండ్రే కదా అన్నాడు అధికారి. పాపను ఎత్తుకెళ్లి, ఆ తండ్రి కారులో అతని పక్కనే కూర్చోబెట్టాడు.