రుచి చూడటం తినడం కాదట

రిటైరవడానికి మూడేళ్ల ముందు నన్ను ముసునూరు వైపు ఒక పీహెచ్‌సీకి స్టాఫ్ నర్సుగా వేశారు. చేరింది ఏప్రిల్‌లో, మామిడి కోతల వేళ. వారానికొకరోజు షుగర్ రోగుల్ని చూసేవాళ్లం. నేను కార్డులో రాసిన వివరాలను బట్టే డాక్టరుగారు మందు మోతాదు నిర్ణయించేవారు.

సుబ్బారావుగారు మామిడి వ్యాపారి. రెండుపూటలా ఇన్సులిన్ తీసుకుంటారు. కార్డు ప్రకారం చలికాలమంతా అదుపులో ఉన్న షుగరు ఒక్కసారిగా ఎగబాకింది. మామిడిపండు తింటున్నారా అని నిలదీశాను. నా నోరు కాస్త పెద్దదే లెండి. ముక్క ముట్టలేదండీ సిస్టరుగారూ అన్నారాయన. భార్య అనసూయమ్మగారు కూడా ఇంట్లో పండు కోయడమే మానేశామన్నారు. అన్నం కొలతా సరిగ్గానే ఉంది. ‘ఆహార నియమం పాటిస్తున్నారు’ అని రాశాను. డాక్టరుగారు మోతాదు రెండుసార్లు పెంచారు, షుగరు దిగింది. ఇక నెలకోసారి వస్తే చాలని చెప్పి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

తొలకరి పడి కోతలు ముగిసిన రెండో వారం ఆయన్ని ఆటోలో తెచ్చారు. ఒళ్లంతా చెమట, పిలిస్తే పలుకు లేదు. షుగరు నలభై కూడా లేదు. స్పృహ లేనివాళ్ల నోట్లో పంచదార నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, నరానికే గ్లూకోజ్ ఎక్కించాలి. మనిషి దక్కడేమోనని భయపడ్డాను. వెంటనే సూది గుచ్చి ఎక్కించాను. కాసేపటికి కళ్లు తెరిచి, నా చెప్పులేవీ అన్నారు.

“కాయ ఉన్నన్నాళ్లూ బాగానే ఉన్నారండీ,” అన్నారు అనసూయమ్మగారు. “రోజూ పదిమంది రైతుల కాయ రుచి చూసేవారు. ఇప్పుడా పని లేదు కదా.”

నాకు ఒళ్లు మండింది. ఈ ముక్క అప్పుడెందుకు చెప్పలేదని అడిగితే ఆయన తెల్లబోయారు.

“అది పనండీ. తినడం కాదు గదా.”

రైతులు మచ్చుకు మాగబెట్టి తెచ్చిన రసాలు ఆయన చీకి చూస్తేనే బేరం. ఎదురుగా ఊసేస్తే కాయ బాగోలేదన్నట్టే, రైతు చిన్నబుచ్చుకుంటాడు. అందుకని మింగేసేవారు. కోతలతో ఆ రుచులు ఆగిపోయాయి, పెంచిన ఇన్సులిన్ మాత్రం ఆగలేదు.

ఆయన అబద్ధమాడలేదు. నేను అడగాల్సింది అడగలేదు. డాక్టరుగారు మోతాదు మళ్లీ పాతదానికి దించారు. ఆ రోజు నుంచి ఏం తిన్నారని కాకుండా, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారని అడగడం మొదలుపెట్టాను. షుగరు ఎందుకు పెరిగిందో తెలుసుకోకుండా ఇన్సులిన్ పెంచితే, దాన్ని ఎప్పుడు తగ్గించాలో ఎవరికీ తెలియదు.