తాడు పట్టిన దొంగ

నన్ను గెంటెయ్యడం పెద్ద పనేం కాదు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు ఒక్క చూపుతో గెంటేస్తే, నేను ఈ రోజుకీ మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. కానీ భూమ్మీద ఎక్కడా లేని ఊరి నుంచి, అదీ దొంగ అనిపించుకుని బయటపడ్డ ఘనుణ్ణి మా భోగాపురం ఒడ్డు మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ అన్యాయం మీతో చెప్పుకోకపోతే నాకు అన్నం సయించదు.

అవి సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. పడవలు ఇసుకలో పడుకుంటే, నేను మా బావ సింహాద్రి నెట్ షాపులో ఫ్యాను కింద పడుకునేవాణ్ణి. బావంటే మా అక్క మొగుడు. కాపురం షాపు వెనక అద్దెగదిలో. కానీ కంప్యూటర్‌లో ఒక బొమ్మల ఊరుంది. ఎక్కడెక్కడి మనుషులో బొమ్మలై అందులో తిరుగుతారు. అక్కడ తెలుగువాళ్ళు కట్టుకున్న సముద్రపు పేటలో మా బావకి మేడ ఉంది! మెలికలు తిరిగిన మెట్లు, మెట్ల పక్కన నెమలి. అక్క గోడకి మేకు కొట్టమంటే నడుం నొప్పనే మనిషి, ఆ మేడ కోసం నెలల తరబడి చెమటోడ్చాడు.

"ఒరే అప్పన్నా, నువ్వూ రారా. కొత్తోడికి ఎవుడో ఒకడు పూచీ ఉండాల. నానుంటాను. నువ్వు తిన్నగా ఉండకపోతే నీతోపాటు నన్నూ గెంటేస్తారు. నా మేడ పోద్ది. తెలిసిందా?"

"నానేటి సేస్తాను బావా? బొమ్మనే కదా!"

నా బొమ్మకి మీసం పెట్టబోయి ఏదో నొక్కితే జుట్టు పోయింది. ఇంకేదో నొక్కితే చొక్కా పోయింది. గుండుతో, నిక్కరుతో, మొక్కు తీర్చుకున్న భక్తుడిలా పేటలో దిగాను. నడవరా అంటే గోడకి ముఖం ఆనించి అక్కడే నడిచాడు. పక్కకి తిరగరా అంటే ఎగిరి కొబ్బరి మట్టల్లో ఇరుక్కున్నాడు. నానా తిప్పలూ పడి సముద్రం ఒడ్డుకి తోలుకొచ్చాను.

అక్కడ గులాబీ రంగు జుట్టు, వీపుకి రెక్కలు ఉన్న ఒకావిడ ఒక్కతే వల లాగుతోంది. చుట్టూ నాలాంటి కొత్త బొమ్మలు గుడ్లప్పగించి చూస్తున్నాయి. మీరే చెప్పండి, మీరైతే ఏం చేస్తారు? మా దగ్గర వల ఒడ్డుకొస్తుంటే దారిన పోయేవాడైనా తాడు పడతాడు. పట్టినవాడు కూరకి సరిపడా చేపలు తీసుకుంటాడు. ఒకరు పిలిచేది లేదు, ఒకరు అడిగేది లేదు. పట్టకుండా నిలబడ్డవాణ్ణే ఊరు అదోలా చూస్తుంది.

తాడు పట్టాను. వల వచ్చింది. మర్యాదస్థుణ్ణి కదా, పెద్ద చేపలు ఆవిడకే వదిలి నా వాటా బుట్టలో వేసుకున్నాను.

"హలో! నా చేపలు తీస్తున్నారేమిటి?" ఆవిడ మాటలు తెర మీద టపటపా పడ్డాయి. నేను ఒక్కో అక్షరాన్నీ గాలం వేసి పట్టాలి.

"వాటా" అన్నాను.

"ఏం వాటా? మిమ్మల్ని ఎవరు పట్టమన్నారు?"

"పట్టమనాలా? వల కనబడింది, పట్టాను."

"ఇది పోటీ అండీ! ఎక్కువ చేపలు ఉన్నవాళ్ళకే బహుమతి!"

పోటీ అంట! చేపలు పట్టడం పోటీయే అయితే మా తాత ఇంట్లో కప్పులు పెట్టడానికి చోటుండేది కాదు. పాపం, పద్ధతి తెలియని మనిషి, నేర్పిద్దాం అనుకున్నాను. "చూస్తారేం? వలలో ఇంకా ఉన్నాయి. తలో చెయ్యీ వెయ్యండి, కూరకి పట్టుకెళ్ళండి!" అని కొత్త బొమ్మలకి కబురిచ్చాను. ఎండుచేపల మీద కాకుల్లా వాలారు. కళ్ళు మూసి తెరిచేలోపు ఇసుక మీద ఒక్క రొయ్య మిగిలింది.

"దొంగలు! దొంగలు!"

టోపీ పెట్టుకున్న కాపలా బొమ్మ ఒకటి ఆకాశం నుంచి ఊడిపడింది. "ఈ గుంపుకి పెద్ద ఎవరు?"

నా పుణ్యాన బుట్టలు నింపుకున్నవాళ్ళంతా ముక్తకంఠంతో "ఆ గుండాయన!" అన్నారు.

"మీకు పూచీ ఎవరు?"

అబద్ధం నా ఒంట్లో లేదు. "సింహాద్రి. నెమలి ఉన్న మేడ" అన్నాను.

పక్క కంప్యూటర్ ముందు టీ తాగుతున్న బావ కెవ్వుమన్నాడు. "ఒరే! నా మేడ తలుపులు మూసేస్తన్నార్రా! ఏటి సేసినావు?"

"తాడట్టుకున్నాను బావా."

"ఎవుడట్టుకోమన్నాడు?"

"నువ్వు కూడా అదే మాటా? మీ అయ్య వల లాగినప్పుడు ఎవుడికైనా కబురెట్టినాడేటి?"

ఈలోగా నా తెర మీద గుండు బొమ్మని పేట బయటికి గెంటేశారు. బావ తెర మీద మేడ కూడా మూతపడింది. నెమలి మాత్రం బయటే ఉండిపోయింది.

చూశారా న్యాయం! తాడు పట్టినవాడు దొంగ, చేతులు కట్టుకుని నిలబడ్డవాడు పెద్దమనిషి! నిషేధం ముగిసి పడవలు నీళ్ళలో దిగినా నా మంట చల్లారలేదు. మొదటి వల ఒడ్డుకొస్తుంటే సముద్రానికి ఎదురుగా నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. బొట్టు పెట్టి పిలిచి, ఇది పోటీ కాదని పదిమందిలో ఒప్పుకుంటే తప్ప ఈ జన్మలో ఏ తాడూ ముట్టను.

"ఒరే అప్పన్నా, అట్టుకోరా!" అని ఒడ్డంతా అరిచింది. నేను కదిలితే ఒట్టు.

ఖాళీ బుట్టతో అక్క గుమ్మంలో నిలబడి నా శపథం గంభీరంగా వినిపించాను. అక్క బుట్టలోకి చూసింది. లోపల గోడవైపు తిరిగి పడుకున్న బావని చూసింది.

"ఓలమ్మో! మీ బావేమో లేని మేడకి ఏడుస్తన్నాడు. నువ్వేమో లేని సేపలకి రోసం పడతన్నావు. ఉన్న పొయ్యి ఎలిగించి నాను కూకున్నాను. ఏటి వండమంటావురా, నీ ఒట్టా?"